విదేశాంగ శాఖ తలుపు పల్లె మహిళలకూ తీయాలి

అమెరికా తన విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడ్‌కి తాళం వేసింది. 1961లో కెన్నెడీ పెట్టిన సంస్థ అది. దాని కార్యక్రమాల్లో 83 శాతం రద్దు చేశామని 2025 మార్చిలో విదేశాంగ మంత్రి మార్కో రూబియో ప్రకటించారు, జూలై 1 నాటికి మిగిలిన కాస్తా ఆ దేశ విదేశాంగ శాఖలో కలిసిపోయింది. అప్పటి నుంచీ ఢిల్లీలో ఒకటే చర్చ, ఆ ఖాళీలోకి ఎవరు వెళ్తారు, చైనాయా, మనమా అని. మా మాట సూటిగా చెప్తాం: డబ్బు కుమ్మరించి ఆ ఖాళీ నింపే స్తోమత మనకు లేదు. కానీ పేద దేశాల్లో పేదవాళ్ల చేతికి పని నేర్పి, వాళ్ల సంపాదన పెంచే పద్ధతి ఒకటి మన దగ్గర దశాబ్దాలుగా ఉంది, దాన్ని మనమే సరిగ్గా పట్టించుకోవడం లేదు.

బెదిరించకుండా, డబ్బు ఎరవేయకుండా, ఎదుటి దేశం తనంతట తాను మన వైపు మొగ్గేలా చేసుకోవడాన్ని అమెరికన్ పండితుడు జోసెఫ్ నై 1990లో సాఫ్ట్ పవర్ అన్నారు. మన దగ్గర ఆ మాట వినగానే సినిమా, యోగా, క్రికెట్ అంటారు. యోగా దినోత్సవం తీర్మానానికి 2014లో ఐక్యరాజ్యసమితిలో 177 దేశాలు సహ ప్రతిపాదకులుగా నిలిచాయి, అది చిన్న విషయమేమీ కాదు, మనందరికీ గర్వమే. అయితే ఆ గర్వం వల్ల ఏ దేశంలోనూ ఏ పేద ఇంటికీ నెలకు ఒక్క రూపాయి ఆదాయం పెరగలేదు. భారతీయులు మాకు బతుకుదెరువు చూపించారు అని ఒక ఊరు ఊరంతా చెప్పుకుంటే వచ్చే అభిమానం వేరు. అది రాయబారి మారినా, ప్రభుత్వం మారినా పోదు.

రాజస్థాన్‌లోని అజ్మేర్ జిల్లాలో తిలోనియా అనే ఊరుంది. 1972లో బంకర్ రాయ్ అక్కడ మొదలుపెట్టిన సంస్థే తర్వాత బేర్‌ఫుట్ కాలేజీగా పేరుపడింది. ఆఫ్రికా నుంచి, లాటిన్ అమెరికా నుంచి, పసిఫిక్ దీవుల నుంచి కరెంటు లేని ఊళ్ల ఆడవాళ్లు అక్కడికి వస్తారు. ఎక్కువమంది 35 నుంచి 50 ఏళ్ల వయసువాళ్లు, చాలామందికి మనవలు కూడా ఉంటారు, చదువు రాదు, అంతకుముందు ఊరి పొలిమేర దాటి ఎరుగరు. విమానం టికెట్టూ, ఆరు నెలల శిక్షణ ఖర్చూ ఇతర దేశాలవాళ్లకు శిక్షణ ఇచ్చే ఐటెక్ పథకం కింద మన విదేశాంగ శాఖ భరిస్తుంది. ఒకే బల్ల ముందు కూర్చున్న ఇద్దరికి ఒకరి భాష ఒకరికి తెలియదు, నేర్పే ఆమెకు ఆ రెండూ తెలియవు, ఆమె కూడా పక్క ఊరి నుంచి వచ్చిన, పెద్దగా చదువుకోని మనిషే. వైర్ల రంగు చూపిస్తుంది, సర్క్యూట్ బోర్డు మీద ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో వేలితో చూపిస్తుంది, తను ఒకసారి సోల్డరింగ్ చేసి, వాళ్ల చేత పదిసార్లు చేయిస్తుంది. ఆరు నెలలకల్లా వాళ్లు సోలార్ లైటు సొంతంగా బిగించడం, పాడైతే విప్పి బాగుచేయడం నేర్చుకుని ఇంటికి వెళ్తారు.

అమ్మమ్మలే ఎందుకు, కుర్రాళ్లు ఎందుకు కాదు అని అడిగితే బంకర్ రాయ్ చెప్పే జవాబు మా మనసుకు బాగా పట్టింది. కుర్రాడికి పని నేర్పి సర్టిఫికెట్ చేతికిస్తే మర్నాడే పట్నం బస్సెక్కుతాడు, అమ్మమ్మ మాత్రం ఊళ్లోనే ఉంటుంది, అందుకే మా దగ్గర సర్టిఫికెట్లే ఉండవు అంటారాయన. ఇందులో డబ్బు లెక్క కూడా చక్కగా కుదిరింది. ఊళ్లో ఒక కమిటీ వేస్తారు, ప్రతి ఇల్లూ అంతకుముందు కిరోసిన్‌కీ కొవ్వొత్తులకీ టార్చి బ్యాటరీలకీ పెట్టే ఖర్చుకు దగ్గరగా నెలకు ఇంత అని కడుతుంది, ఆ డబ్బులోంచి లైట్లు బాగుచేసే ఆమెకు జీతం ఇస్తారు. దాత డబ్బు ఆగిపోయినా పని ఆగని ఏర్పాటు ఇది. 2016లో టాంజానియా వెళ్లినప్పుడు ప్రధాని మోదీ దార్ ఎస్ సలాంలో ఈ ‘సోలార్ మామా’లను (అక్కడి భాషలో మామా అంటే అమ్మ) కలిశారు, ఫొటోలు అన్ని పేపర్లలోనూ వచ్చాయి. ఆ ఫొటోల మీద చూపిన శ్రద్ధ ఈ శిక్షణకు ఇచ్చే పద్దు మీద కూడా చూపాలని మేం కోరుతున్నాం.

ఎందుకంటే, ఐటెక్ 1964లో మొదలైంది, ఇప్పుడు 160 దాకా దేశాలకు అందుతోంది, కానీ అందులో పెద్ద భాగం అధికారుల కోసం, ఉద్యోగుల కోసం నడిచే కోర్సులే. వాళ్లు ఇంగ్లిష్‌లో పాఠాలు వింటారు, తాజ్ మహల్ చూస్తారు, మంచి అభిప్రాయంతోనే వెళ్తారు. వద్దనడం లేదు. అయితే తిలోనియా లాంటి కోర్సుకు, అంటే చదువు రాని మనిషి కూడా లోపలికి రాగలిగే కోర్సుకు, ఆ పథకంలో దొరికే చోటు మరీ ఇరుకు.

శ్రీలంక సంగతి చూడండి. హంబన్‌తోట రేవు చైనా అప్పుతో కట్టారు, 2017లో అది 99 ఏళ్ల లీజుకు చైనా కంపెనీ చేతికే వెళ్లింది. అదే దేశంలో, అంతర్యుద్ధం ముగిశాక 2010లో మనం 50,000 ఇళ్లు కట్టిస్తామని మాటిచ్చాం. వాటిలో 46,000 ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో, మిగతావి తేయాకు తోటల్లో. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో ఎక్కువ ఇళ్లకు మన దగ్గరి నుంచి కాంట్రాక్టరును పంపలేదు. కొత్త ఇంటికి 5,50,000 శ్రీలంక రూపాయలు విడతలవారీగా ఇంటివాళ్ల బ్యాంకు ఖాతాలోనే వేశారు. పునాది లేచాక ఒక విడత, గోడలు లేచాక ఒక విడత. ఇటుక ఎక్కడ కొనాలో, మేస్త్రీ ఎవరో వాళ్లే చూసుకున్నారు, ఆ కూలీ డబ్బు ఆ ఊళ్లోనే తిరిగింది. యుద్ధంలో భర్తను పోగొట్టుకుని, బ్యాంకు గడప తొక్కని ఆడమనిషి కూడా తన ఇంటి పని తనే దగ్గరుండి చేయించుకుంది. ఇచ్చింది చాలక అప్పుల పాలైన కుటుంబాలు కూడా ఉన్నాయి, ఆ లోపం మనం ఒప్పుకోవాలి, ఇంకోసారి చేసేటప్పుడు ధరలు పెరిగినకొద్దీ మొత్తం పెంచే వీలు ముందే పెట్టుకోవాలి.

అదే లంకలో 2016లో మన గ్రాంటుతో మొదలైన, 1990 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే అంబులెన్సుల గురించి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దానికి నమూనా 2005లో హైదరాబాద్‌లో పుట్టిన మన 108. మొదట్లో అక్కడ గొడవ చేశారు, భారతీయులు వచ్చి మన ఉద్యోగాలు లాక్కుంటారని. బండ్లలో పనిచేసేది శ్రీలంక యువతీ యువకులేనని కళ్లారా చూశాక ఆ గొడవ సద్దుమణిగింది.

అఫ్గానిస్థాన్‌లో మాత్రం మనసు కష్టపెట్టే అనుభవం. అక్కడ మనం పార్లమెంటు భవనం కట్టించాం, 2016లో సల్మా డ్యామ్ పూర్తిచేశాం, మొత్తం మీద 300 కోట్ల డాలర్ల దాకా ఖర్చు పెట్టాం. ఆ వరసలోనే, అంతగా ఎవరి కంటా పడకుండా, 1972లో ఇలాబెన్ భట్ అహ్మదాబాద్‌లో స్థాపించిన ‘సేవ’ అనే మహిళా కార్మికుల సంస్థ 2008 నుంచి కాబూల్‌లోని బాగ్-ఎ-జనానాలో యుద్ధ వితంతువులకు కుట్టుపని, తినుబండారాల తయారీ, మొక్కల పెంపకం నేర్పింది. ఆ ఖర్చు కూడా మన విదేశాంగ శాఖదే. 2021 ఆగస్టులో తాలిబన్లు వచ్చాక భవనమూ డ్యామూ వాళ్ల చేతికి పోయాయి. ఆడవాళ్ల మీద వచ్చిన ఆంక్షలతో ఆ శిక్షణకూ గట్టి దెబ్బే తగిలింది, అది దాచాల్సిన పని లేదు. కానీ కుట్టడం వచ్చిన చెయ్యి నాలుగు గోడల మధ్య ఉన్నా కుడుతుంది. ఆ విద్యను జప్తు చేయడం ఏ ప్రభుత్వం వల్లా కాదు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. నేపాల్‌లో 2003 నుంచి మనం బళ్లు, ఆస్పత్రులు, మంచినీటి పథకాలు లాంటి చిన్న పనులు 550కి పైగా చేపట్టాం, స్థానిక సంస్థల చేతుల మీదుగానే. 2024 జనవరిలో ఒక్కో పనికి ఖర్చు పరిమితిని 5 కోట్ల నేపాలీ రూపాయల నుంచి 20 కోట్లకు పెంచుతూ ఒప్పందం జరిగింది. సంతోషించాల్సిందే, కానీ అక్కడివాళ్లే కొందరు, ఒక విదేశీ ఎంబసీ మన ఊళ్లలో నేరుగా డబ్బు ఖర్చు పెట్టడమేంటి అని అడిగారు. ఆ ప్రశ్న మనకు నచ్చకపోవచ్చు. మన జిల్లాల్లో వేరే దేశం ఎంబసీ అలా చేస్తే మనం ఊరుకుంటామా? పని ఎంచుకునేది ఆ ఊరివాళ్లే కావాలి, లెక్కలు వాళ్ల పంచాయతీ గోడ మీద కనిపించాలి. మన జెండా ఎంత పెద్దగా గీశామన్నది తర్వాత సంగతి.

ఇక మా అసలు సూచన. మన దేశంలో పొదుపు సంఘాల్లో ఇవాళ 10 కోట్లకు పైగా మహిళలు ఉన్నారు, ఈ ఉద్యమంలో ముందు నడిచింది తెలుగు నేల. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి మన డ్వాక్రా మహిళలు సీఆర్పీలుగా, అంటే తోటి మహిళలకు సంఘం నడపడం నేర్పేవాళ్లుగా, బీహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్లారు. అక్కడి ఊళ్లలో రోజుల తరబడి ఉండి, వాళ్లు పెట్టింది తిని, తాము ఏ స్థితి నుంచి ఏ స్థితికి వచ్చారో చెప్పి, పుస్తకం రాయడం దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరుతో మాట్లాడడం దాకా నేర్పి సంఘాలు కట్టించారు. భాష అడ్డం కాలేదు. పట్నాకు వెళ్లి పని చేసి వచ్చినవాళ్లు ఆఫ్రికాలోని మలావీకో మొజాంబిక్‌కో వెళ్లలేరా? మన విదేశీ సాయంలో నిపుణుడంటే కోటు వేసుకున్నవాడే అన్న అలవాటు ఒక్కటే అడ్డం. ఈ సంఘాల పునాది మీదే నిలబడిన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్‌కి చెందిన గుల్బెంకియన్ బహుమతి కూడా దక్కింది. బయటివాళ్లు గుర్తించిన మనుషులను మన విదేశాంగ శాఖ ఇంకా తన జాబితాలోకి ఎక్కించుకోలేదంటే మాకు బాధగా ఉంది.

వెళ్లేటప్పుడు మన దెబ్బలు కూడా చెప్పాలి. 2010లో ఇదే ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ కంపెనీలు వారం వారం ఇళ్ల మీద పడి వసూళ్లు చేస్తే, ఆత్మహత్యల వార్తలు వస్తే, ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ముందు పొదుపు, తర్వాతే అప్పు అన్న వరస తప్పితే ఏమవుతుందో మనకంటే బాగా ఎవరు చెప్పగలరు? గొప్పలు మాత్రమే చెప్పేవాళ్లను ఎవరూ నమ్మరు.

మన పేదలను వదిలేసి పరాయి దేశాలవాళ్లకు ఎందుకని అడిగే పాఠకులు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. విదేశాంగ శాఖకు 2025-26లో కేటాయించింది సుమారు 20,500 కోట్ల రూపాయలు, అందులో ఒక్క భూటాన్‌కే 2,150 కోట్లు. ఆ లోపలే సర్దుకోమంటున్నాం, సంక్షేమం మీద చెయ్యి వేయమనడం లేదు. పైగా పరాయి దేశంలో నేర్పడానికి వెళ్లే మన మహిళకు రోజువారీ భత్యం రావాలి, అధికారికి ఇచ్చేదానికి తగ్గకుండా. అదీ మన పేదల ఆదాయమే కదా.

ఒక పని మాత్రం ఖర్చు లేకుండా రేపే మొదలుపెట్టొచ్చు. శిక్షణకు ఎంతమంది వచ్చారన్న లెక్కతో సరిపెట్టకుండా, తిరిగి వెళ్లాక రెండేళ్లకు ఎంతమంది ఆ పనితో సంపాదిస్తున్నారో మన ఎంబసీలు కనుక్కుని చెప్పాలి. సోలార్ ప్యానెళ్లు ఊరికి చేరకపోతే, ఐదారేళ్లకు బ్యాటరీ పోయి కొత్తది దొరక్కపోతే నేర్చుకున్న ఆమె ఖాళీ చేతులతో కూర్చుంటుంది, ఊరు ఆమెనూ మననూ కలిపి తిట్టుకుంటుంది. అందుకే ప్రతి శిక్షణ ఒప్పందంలోనూ విడిభాగాలకు ఐదేళ్ల పద్దు రాసి ఉండాలి, ఆ లెక్కలు ఏటా పార్లమెంటు ముందు పెట్టాలి. వచ్చే బడ్జెట్‌లోనే ఈ పద్దు కనిపించాలని మేం అడుగుతున్నాం.