23 చోట్ల ఒకే లెక్క రాసుకునే హక్కు మాకుంది

మా ఆఫీసులోకి కావలి నుంచి ఒక కుర్రోడు కొత్తగా వచ్చుండాడు. రైస్ మిల్లు వాళ్ళకి మేం రాసిచ్చిన వడ్ల కొనుగోలు ప్రోగ్రాం తెరిచి చూసి మూడో రోజే అడిగేశాడు, "అన్నా, పుట్లని కేజీలు చేసి తరుగు తీసే కోడ్ 23 చోట్ల అట్టనే ఉండాదేంది, ఆ లెక్కకి ఒక పేరు పెట్టి ఒక్కచోట చిన్న ఫంక్షన్‌గా రాసి, అన్నిచోట్లా ఆ పేరుతో దాన్నే కాల్ చేస్తే పోలా?" అని. పోదు నాయనా. ఈ పోకడ ఎంత ప్రమాదమో ఇప్పుడు చెప్పకపోతే రేపు జిల్లా ఏమైపోద్దో.

నెల్లూరు పుట్టి అంటే 850 కేజీలు, ఇది ఇక్కడ పాలు తాగే పిల్లోడికి కూడా తెలుసు. తెలిసిన మాటని 23 సార్లు రాస్తే తప్పేంది? రామకోటి రాసే అవ్వ దగ్గరికి పోయి, ఒకసారి రాసి పక్కన ఇంటూ కోటి అని పెట్టవ్వా అంటే ఊరుకుంటదా? నేనూ ఆ కోడ్‌ని భక్తితోనే పేస్ట్ చేశా.

ఇంకో నేరం కూడా మోపాడు. వడ్లలో తేమ 17 శాతం దాటితే తరుగు తీయాలి కదా, 22 చోట్ల "17 కంటే ఎక్కువైతే" అని ఉండాదంట, ఒక్కచోట మాత్రం "17 అయినా, ఎక్కువైనా" అని ఉండాదంట, అందుకని సరిగ్గా 17 వచ్చిన రైతుకి స్క్రీన్ మీద తరుగు లేదు, ప్రింటు తీస్తే ఉండాది. దీన్ని బగ్ అంటాడు వాడు. నేను వైవిధ్యం అంటా. అసలు ఆ రెండిట్లో ఏది కావాలని రాశానో ఏది నిద్రమత్తులో రాశానో నాకే గుర్తులేదు కాబట్టి ముట్టుకోకపోవడమే మర్యాద.

ఒకచోట రాసి అన్నిచోట్లా వాడే ఈ ఫంక్షన్ల పిచ్చి కొత్తదేం కాదులే. కేంబ్రిడ్జిలో 1949లో ఎడ్సాక్ అనే కంప్యూటర్ నడవడం మొదలైన రోజుల్లోనే, ఒకసారి రాసిన ముక్కని యాడనుంచైనా కాల్ చేసి పని కాగానే మళ్ళీ బయల్దేరిన చోటికే తిరిగొచ్చే ఉపాయం డేవిడ్ వీలర్ అనే ఆయన కనిపెట్టాడు. పాపం వాళ్ళకి మెమరీ తక్కువ. హార్డ్ డిస్క్ సగం ఖాళీగా పడున్న మాకేం ఖర్మ?

అయినా కుర్రోడు వినలా. 900 లైన్ల నా ఫైలుని విడగొట్టి పుట్ల_కేజీలు, తేమ_తరుగు, హమాలీ_కూలి అని ముక్కముక్కకీ నామకరణం చేశాడు, పైన మిగిలింది పన్నెండు లైన్లు, మిల్లు గుమస్తా చదివినా అర్థమయ్యేట్టుండాది. అందరికీ అర్థమైపోతే కోతల సీజన్లో రాత్రి పదకొండింటికి నాకు ఫోనెవరు చేస్తారు చెప్పండి, మా ఇంట్లో నా గౌరవం ఏం కావాలి?

పెద్దమనసు చేసుకుని చివరికి ఒప్పుకున్నాలే. ఆ తేమ_తరుగు ఫంక్షన్ నిజంగానే బాగుండాది, అందుకే కాపీ చేసి 23 చోట్లా పేస్ట్ చేశా.