కనెక్ట్ కాలేదన్న తీర్పుపై అప్పీలు లేదు

సినిమాకు సంబంధించినంత వరకు న్యాయవ్యవస్థ ఏనాడో స్థిరపడిపోయింది. దర్శకుడు ఏ1, రచయిత ఏ2, సంగీత దర్శకుడి మీద నేరానికి సహకరించారన్న అభియోగం, నటీనటుల మీద సందర్భాన్ని బట్టి సెక్షన్లు. ఫిర్యాదు చేసేది, సాక్ష్యం చెప్పేది, తీర్పు రాసేది మాత్రం ప్రేక్షకుడొక్కడే. మూడు పనులూ ఒకే మనిషి చూసుకోవడం వల్ల కేసులు పెండింగులో పడటమన్నది లేదు. పేర్లు పడుతుండగా దాఖలైన ఫిర్యాదుకు ముగింపు టైటిల్స్ రాకముందే శిక్ష ఖరారైపోతోంది. ఇంత సత్వర న్యాయం మరే రంగంలోనూ కనిపించదు కాబట్టి, దీన్ని తప్పుపట్టే మేధావులను ఖండించి ప్రేక్షకుడి పక్షాన నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

విచారణ కథ, మూడ్, పాత్రలు అనే మూడు అంశాల మీద సాగుతుంది. కథ విషయంలో ‘కొత్తదనం లేదు’, మూడ్ విషయంలో ‘ఎమోషన్ పండలేదు’, పాత్రల విషయంలో ‘క్యారెక్టరైజేషన్ వీక్’ అనే సెక్షన్లు సిద్ధంగా ఉన్నాయి. ఇవేవీ సరిగ్గా అతకనప్పుడు ప్రయోగించడానికి ‘కనెక్ట్ కాలేదు’ అనే విశేషాధికారం ఒకటుంది. దానికి సాక్ష్యం అక్కర్లేదు, కారణం చూపనక్కర్లేదు. కనెక్ట్ కావడానికి ఇద్దరుండాలి కదా, ఆ సమయంలో రెండో వ్యక్తి ఏం చేస్తున్నారని అడిగే హక్కు ముద్దాయికి లేదు. ఆ రెండో వ్యక్తి ఫోనులో ఆఫీసు మెయిల్‌కు జవాబు రాస్తూ ఉండవచ్చు, పక్క సీటువారికి కిందటి వారం చూసిన సినిమా కథ చెబుతూ ఉండవచ్చు. అవి వారి వ్యక్తిగత విషయాలు, తీర్పుతో వాటికి సంబంధం లేదు.

ముందుగా కథ. మంచి కథ ఎలా ఉండాలన్న దానిపై ప్రేక్షకుల అభిప్రాయం చాలా స్పష్టంగా ఉంది: తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసిపోకూడదు, తెలియక ఇబ్బంది పడనూ కూడదు. తెలిసిపోతే ‘మొదటి పది నిమిషాల్లోనే చెప్పేశాను’ అని విజయగర్వంతో మార్కులు తగ్గిస్తారు. తెలియకపోతే ‘తలా తోకా లేదు’ అని ఆగ్రహంతో తగ్గిస్తారు. ఈ రెంటికీ మధ్య ఉన్న సన్నని సందులో కథ నడపడం చేతకానివాడు సినిమాల జోలికే రాకూడదు. సస్పెన్స్ సినిమాలకు పేరుపడ్డ దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ అంతటివాడు కూడా ఈ సూక్ష్మం గ్రహించలేకపోయాడు. 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో జరిపిన సుదీర్ఘ సంభాషణలో ఆయన ఒక ఉదాహరణ చెప్పాడు. ఇద్దరు మనుషులు ఏవో పొడి మాటలు మాట్లాడుకుంటుండగా బల్లకింద బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడికి దక్కేది 15 సెకన్ల ఉలికిపాటు. అదే బాంబు అక్కడుందని, ఒంటిగంటకు పేలుతుందని ముందే చెప్పి, గడియారంలో పన్నెండూ ముప్పావు అయిందని చూపిస్తే, ఆ పొడి మాటలనే ప్రేక్షకుడు 15 నిమిషాలపాటు ఊపిరి బిగబట్టి వింటాడట. అంటే ఆ మహానుభావుడు ట్విస్టును తన చేతులతో తానే లీక్ చేశాడన్నమాట. ఇవాళైతే స్పాయిలర్ ఇచ్చినందుకు ఆయన్ని ముందు బ్లాక్ చేసి, ఆ తర్వాత ‘బాంబు సంగతి ముందే తెలిసిపోయింది, ప్రిడిక్టబుల్’ అని రాసి ఉండేవారు.

లాజిక్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నమ్మించలేని సంభవం కన్నా నమ్మించగల అసంభవమే కావ్యానికి మేలని అరిస్టాటిల్ ‘పొయెటిక్స్’లో అన్నాడు గానీ, పాపం ఆయన కాలంలో స్క్రీన్‌షాట్ తీసే సౌకర్యం లేదు. హీరో ఒంటిచేత్తో వందమందిని మట్టి కరిపించినప్పుడు ఈల వేసిన ప్రేక్షకుడే, తర్వాతి షాటులో అతని చొక్కా గుండీ తనంతట తానే పెట్టుకుందన్న సంగతి పట్టేసి సినిమా మొత్తాన్ని కొట్టిపారేస్తాడు. దీన్ని ద్వంద్వ ప్రమాణం అనేవారికి నిశితదృష్టి అంటే ఏమిటో తెలియదు.

పాత్రల దగ్గరికి వస్తే, నటనను అంచనా కట్టడంలో ప్రేక్షకుడి నేర్పు ప్రయోగపూర్వకంగా రుజువైనదే. దాదాపు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు, ఇవాన్ మోజుఖిన్ అనే నటుడి ముఖం ఉన్న ఒకే ఒక షాటు తీసుకుని, దాని పక్కన ఒకసారి సూపు గిన్నెను, ఒకసారి శవపేటికలోని స్త్రీని, ఒకసారి ఆడుకుంటున్న పాపను అతికించి చూపించాడు. ముఖంలో చెప్పుకోదగ్గ భావమేదీ లేదు, మూడుచోట్లా ఉన్నది అదే ముక్క. అయినా సూపును మరిచిపోయి ఆలోచనలో మునిగిన తీరును, శవాన్ని చూస్తూ అనుభవించిన గాఢ దుఃఖాన్ని, పాపను చూసి నవ్విన లేతనవ్వును ప్రేక్షకులు వేనోళ్ల పొగిడారని ఆ ప్రయోగం గురించి మరో రష్యన్ దర్శకుడు పుడోవ్కిన్ రాశాడు. గిట్టనివాళ్లు దీన్ని ఎడిటింగ్ మహిమ అంటారు. నా వాదన వేరు. ఆ దుఃఖమూ ఆ నవ్వూ ప్రేక్షకుడి సొంత ఆస్తి. అతను వాటిని నటుడికి చేబదులుగా ఇచ్చాడు. ఇచ్చినవాడికి ఇవ్వకుండా ఉండే హక్కు కూడా ఉంటుంది కాబట్టి, ఓపిక లేనిరోజున అదే ముఖాన్ని చూసి ‘ఒక్క ఎక్స్‌ప్రెషన్ కూడా లేదు’ అనడంలో అన్యాయం ఎంతమాత్రం లేదు.

పాత్రల లోతు విషయంలో కూడా ఒక అపోహ తొలగించాలి. లోతు కావాలని ప్రేక్షకులు అడుగుతారు, నిజమే. కానీ ఆ లోతులోకి దిగితే అక్కడ పిరికితనం, అసూయ, మాట తప్పడం లాంటివి కనిపించకూడదు. కథానాయకుడు తప్పు చేస్తే ‘ఈ మనిషి ఇలా ఎందుకు చేశాడు’ అని ఎవరూ ఆలోచించరు, ‘దర్శకుడు దీన్ని సమర్థిస్తున్నాడా’ అని నిలదీస్తారు. ఆడపాత్రకు ఇంకొక వెసులుబాటుంది. ఆమె లోతు తెలుసుకోవడానికి చివరిదాకా కూర్చోనక్కర్లేదు; ఎవరికైనా ఎదురు మాట్లాడిన మొదటి సీనులోనే ‘ఓవరాక్షన్’ అని తేల్చేయవచ్చు.

అన్నింటికన్నా చిక్కైనది మూడ్. కథను నలుగురికి చెప్పవచ్చు, పాత్రను అనుకరించి నవ్వించవచ్చు. మూడ్ మాత్రం చూసినవాడి దగ్గరే ఉండిపోతుంది. అది ఉందో లేదో తేల్చడానికి ప్రేక్షకులు కఠినమైన పద్ధతులు కనిపెట్టారు. ఒక సీను అనుకుందాం. అమ్మేసిన ఇంటి తాళాలగుత్తిని కొన్నవాళ్లకు అప్పగించే ముందు, ఒక ముసలావిడ అందులోంచి చిన్న తాళంచెవి ఒకదాన్ని విడదీయబోతుంది. అది ఏ పెట్టెదో, ఆమెకు ఎందుకు కావాలో సినిమా చెప్పదు. రింగు బిగుసుగా ఉంటుంది, గోరు జారుతుంది. ఆవిడ కళ్లజోడు పైకి నెట్టుకుని మళ్లీ ప్రయత్నిస్తుంది, కొన్నవాళ్ల అబ్బాయి మర్యాదగా గోడవైపు చూస్తుంటాడు. మొత్తం 40 సెకన్లు, సంగీతం లేదు. పదో సెకనులో హాల్లో ఎవరో దగ్గుతారు. ఇరవయ్యో సెకనులో ఒకరు ‘సౌండ్ పోయిందా’ అని అడుగుతారు. ముప్పయ్యో సెకనులో వెనక వరుస నుంచి ‘బామ్మా, పటకారు తెమ్మంటావా’ అన్న కేక వినిపిస్తుంది, హాలంతా నవ్వుతుంది. బయటికొచ్చాక ఆ నవ్వినవారిలోనే ఒకరు, దర్శకుడికి మూడ్ క్రియేట్ చేయడం చేతకాలేదని విచారం వెలిబుచ్చుతారు. ఒక్క వయొలిన్ బిట్ వేసి ఉంటే ఆవిడ బాధపడుతోందని తెలిసేది కదా అని వారి వాదన. కాదనలేం. ఏ క్షణంలో ఏడవాలో చెప్పకుండా టికెట్ కొన్న మనిషిని చీకట్లో ఒంటరిగా వదిలేయడం బాధ్యతారాహిత్యమే అవుతుంది.

ఇంట్లో చూసేవారు ఇంతకన్నా పురోగమించారు. సినిమా వేగం మార్చుకునే సదుపాయాన్ని నెట్‌ఫ్లిక్స్ 2020లో తెచ్చింది. అంతకుముందు ఏడాది దాన్ని పరీక్షిస్తున్నప్పుడు కొందరు హాలీవుడ్ దర్శకులు అభ్యంతరం చెప్పారు గానీ, చాదస్తానికి మందు లేదు. ఒకటిన్నర రెట్ల వేగంతో చూస్తే పై 40 సెకన్లు 27 సెకన్లలో తీరిపోతాయి. ముసలావిడ వేళ్లకు వయసు తగ్గుతుంది, నిట్టూర్పు తుమ్ములా వినిపిస్తుంది, రాత్రి భోజనం వేళకు సినిమా పూర్తవుతుంది, ‘ఎమోషన్ పండలేదు’ అన్న తీర్పు వెలువడుతుంది. పండటానికి పట్టే కాలంలో మూడో వంతు కోసేసినా పండలేదంటే అది విత్తనం లోపమే తప్ప రైతు తొందర కాదు.

ఇక్కడ భరతముని ప్రస్తావన తేక తప్పదు, ఎందుకంటే ప్రేక్షకులకు జరిగిన తొలి అన్యాయం ఆయన చేతుల్లోనే జరిగింది. ప్రదర్శన సిద్ధించిందో లేదో తెలుసుకోవడమెలాగో చెప్పే నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో, పాత్ర సంతోషిస్తే తానూ సంతోషించి, శోకిస్తే శోకించి, దైన్యంలో దీనుడయ్యేవాడే ప్రేక్షకుడని ఆయన నిర్వచించాడు. పరీక్ష పెట్టాల్సింది నాటకానికైతే, హాల్ టికెట్ ప్రేక్షకుడి చేతికిచ్చాడు! యువకులకు శృంగారం, శూరులకు రౌద్ర బీభత్సాలు, వృద్ధులకు పురాణగాథలు నచ్చుతాయని అంత చక్కగా గమనించినవాడు, ఎవరికి నచ్చనిదాన్ని వారు చెత్త అనవచ్చన్న తేలికైన ముగింపుకు ఎందుకు రాలేకపోయాడో అర్థం కాదు. పైగా చిరునవ్వులూ ‘సాధు సాధు’ అన్న కేకలూ మానుషీ సిద్ధి, అంటే మనుషుల స్థాయి విజయం మాత్రమేనట. నిండు సభలో శబ్దం గానీ కలవరం గానీ లేకపోతే అది దైవికీ సిద్ధి, అంటే దైవస్థాయి విజయం అట. ఆ లెక్కన ఎవరి ఫోను వెలుగులో వారు మౌనంగా తలవంచుకుని కూర్చున్న ప్రతి ఆటకూ దైవికీ సిద్ధి కలిగినట్టే.

భరతుడికి రేటింగులు తెలియవు, మనకు తెలుసు. రెండున్నరకూ రెండూ ముప్పావుకూ మధ్య ఉన్న తేడాను ఏ పాత్ర, ఏ సీను నింపిందో అడగకూడదు. బంగారం తూచేవారు కూడా తడబడే చోట మనవాళ్లు తడబడటం లేదు, అది చాలు. రాటెన్ టొమాటోస్ సంస్థ సమీక్షల లెక్క మరీ న్యాయమైనది. బాగుందన్నవి 60 శాతం ఉంటే సినిమా తాజాది, తగ్గితే కుళ్లినది. అందరూ ‘పర్వాలేదు’ అని ఆవులించిన సినిమాకు 100 శాతం వస్తుంది. సగంమంది జీవితంలో మరిచిపోలేమని, సగంమంది భరించలేమని కొట్టుకున్న సినిమా 50 శాతంతో కుళ్లిపోతుంది. అమెరికాలోనే సినిమాస్కోర్ అనే మరో సంస్థ, విడుదల రాత్రి హాల్లోనే ప్రేక్షకులకు కార్డులిచ్చి గ్రేడు వేయిస్తుంది. 2017లో డారెన్ అరొనాఫ్‌స్కీ తీసిన ‘మదర్!’కు ఎఫ్ వచ్చింది. చూసేవాడిని కుదురుగా కూర్చోనివ్వకూడదన్న పట్టుదలతో తీసిన సినిమా అది. ప్రేక్షకులు కుదురుగా కూర్చోలేకపోయారు. కాబట్టి ఫెయిల్.

అసలు చూడటమనే తతంగాన్ని కూడా చాలామంది ఇప్పటికే దాటేశారు. టీజరు చూసి కథ చెప్పేస్తున్నారు, పోస్టరు చూసి మూడ్ కనిపెట్టేస్తున్నారు, నటుడి పేరు చూసి పాత్రకు మార్కులు వేసేస్తున్నారు. చూశాక అభిప్రాయం మార్చుకున్నవారు అరుదు కనుక, ఈ పద్ధతిలో పొరపాటు జరిగే అవకాశం కూడా తక్కువే.

కార్డుల మాట వచ్చింది కాబట్టి, ప్రేక్షక న్యాయం సాధించిన ఒక ఘనవిజయాన్ని స్మరించుకోవాలి. హాలీవుడ్ దర్శకుడు ఆర్సన్ వెల్స్ తీసిన ‘ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్’ను ఆర్‌కేఓ స్టూడియో 1942 మార్చిలో కాలిఫోర్నియాలోని పొమోనాలో ముందస్తుగా ప్రదర్శించింది. ఒక సంపన్న కుటుంబం మెల్లమెల్లగా చితికిపోయే కథ అది. దాన్ని ఒక సరదా సంగీత చిత్రం అప్పుడే చూసి హుషారుమీదున్న జనం ముందు వేశారు. నవ్వకూడని చోట నవ్వులు వినిపించాయి, కార్డుల నిండా తిట్లు వచ్చాయి, కొన్ని కార్డులు మాత్రం గొప్ప సినిమా అన్నాయి. రెండు రోజుల తర్వాత పాసడీనాలో వేస్తే స్పందన మెరుగ్గా ఉంది. నచ్చినవాళ్ల కన్నా నచ్చనివాళ్లే శ్రద్ధగా చూసి ఉంటారన్న తిరుగులేని తర్కంతో కాబోలు, వెల్స్ బ్రెజిల్‌లో షూటింగులో ఉండగానే, స్టూడియో 40 నిమిషాలకు పైగా కోసేసి, ముగింపును కాస్త సంతోషంగా ఉండేలా మళ్లీ తీయించి, 88 నిమిషాల సినిమాను విడుదల చేసింది. కోసిన నెగెటివ్‌ను తర్వాత నాశనం చేశారు. మిగిలిన 88 నిమిషాల్లో ఏదో ఒక లోపం చూపేవారు నేటికీ ఉన్నారు. పోయిన భాగంలో కథ ఎంత గొప్పగా నడిచేదో, పాత్రలు ఎంత లోతుగా ఉండేవో, మూడ్ ఎంత చిక్కగా ఉండేదో మాత్రం దాన్ని ఏనాడూ చూడని సినీ అభిమానులు ఎనభై ఏళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ నిమిషాలకు రెండున్నర ఇచ్చిన మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు.