పోను మూడు, రాను పన్నెండు

(బల్ల మీద విమాన టికెట్ల కాగితాలు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కింది, అంటే గొడవకి సిద్ధం.)

ఆయన: ఇది చూశావుటే? లండన్‌లో పొద్దున పదింటికి ఎక్కిస్తే న్యూయార్క్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి దింపుతాడట. మూడు గంటలు! వచ్చేటప్పుడు రాత్రి తొమ్మిదికి ఎక్కితే మర్నాడు పొద్దున తొమ్మిదికి. పన్నెండు! వచ్చేటప్పుడు విమానాన్ని మనమే తోసుకుంటూ రావాలా ఏం?

ఆవిడ: మూడు గంటల్లో పోవడానికి అదేమన్నా ధ్వనిని మించి పోయే కాంకార్డ్ విమానమా? దానిక్కూడా మూడున్నర పట్టేది. 2003లోనే మూలన పెట్టేశారు.

ఆయన: మరి ఇందులో అచ్చేసి ఉందిగా!

ఆవిడ: ఏ ఊరి టైము ఆ ఊరిదండీ. న్యూయార్క్ లండన్‌కి ఐదు గంటలు వెనక. పోయేటప్పుడు ఎనిమిది గంటలు, వచ్చేటప్పుడు ఏడు.

ఆయన: మరి ఆ ఐదు గంటలు?

ఆవిడ: పోయేటప్పుడు అప్పిస్తారు, వచ్చేటప్పుడు వసూలు చేసుకుంటారు.

ఆయన: వడ్డీ లేదు కదా?

ఆవిడ: ఉంది. రెండు రాత్రులు నిద్ర పట్టదు.

ఆయన: ఎనిమిదీ తప్పే. దూరం సుమారు 5,550 కిలోమీటర్లు, విమానం గంటకి 900 పోతుంది. ఆరు గంటల పది నిమిషాలు!

ఆవిడ: ఇక్కడ గేటు దగ్గర కదిలింది మొదలు అక్కడ గేటు దగ్గర ఆగేదాకా లెక్కేస్తారు. రన్‌వే దాకా పాకాలి, వరసలో ఆగాలి, ఎక్కాలి, దిగాలి.

ఆయన: పాకడానికే రెండు గంటలా?

ఆవిడ: ఎదురుగాలి ఒకటుందిగా. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ వీస్తుంది, ఒక్కోసారి గంటకి 300 కిలోమీటర్లు దాటుతుంది. పోయేటప్పుడు మొహాన కొడుతుంది, వచ్చేటప్పుడు వీపున తోస్తుంది. 2020 ఫిబ్రవరిలో ఆ గాలి జోరుకి ఒక జంబో విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి ఐదు గంటల్లోపే వచ్చేసింది.

ఆయన: భూమి కూడా తూర్పుకేగా తిరిగేది? మనం పైకి లేచి ఊరికే గాల్లో నిలబడితే న్యూయార్కే మన కిందకి రావాలి!

ఆవిడ: పరిగెత్తే రైల్లో ఎగిరితే వెనక పెట్టెలో పడతారా?

ఆయన: నా మోకాళ్ళతో ఎగరడమొకటి!

ఆవిడ: భూమితోపాటు గాలీ తిరుగుతుంది, ఆ గాల్లోదే విమానమూనూ.

ఆయన: (మ్యాపు మీద స్కేలు పెట్టి) ఇలా తిన్నగా పోక ఐర్లాండ్, న్యూఫౌండ్‌లాండ్ అంటూ పైనుంచి వంకర దారెందుకు? చుట్టు తిప్పి డబ్బు గుంజడానికి కాకపోతే!

(ఆవిడ లేచి గ్లోబు తెచ్చింది. కుట్టుదారం తుంచి ఒక కొస లండన్ మీద, ఇంకో కొస న్యూయార్క్ మీద బిగించి పట్టింది. దారం న్యూఫౌండ్‌లాండ్ మీదుగానే పోయింది.)

ఆయన: నువ్వే పైకి లాగావు.

ఆవిడ: అయితే మీరే కిందికి జరపండి.

(ఆయన జరిపాడు. దారం చాల్లేదు.)

ఆవిడ: వంకర మ్యాపుది, దారిది కాదు. ఇందాకట్నుంచీ ఆ ఫోన్లో ఏం నొక్కుతున్నారు?

ఆయన: ఏడు గంటలే అన్నావుగా. రాత్రి తొమ్మిదికి ఏడు కలిపి, తెల్లవారుజామున నాలుగింటికల్లా లండన్ ఎయిర్‌పోర్టుకి కారు తెమ్మని మీ తమ్ముడికి మెసేజ్ పెట్టాను.

ఆవిడ: ఆ ఐదు గంటలూ వాడి దగ్గర వసూలు చేస్తారన్నమాట!

ఆయన: వాడు ‘సరే బావా’ అనేశాడు కూడా.