తోకచుక్క చూడటానికి లక్ష రూపాయల టెలిస్కోప్ ఎందుకండీ?

2025 అక్టోబరులో లెమ్మన్ తోకచుక్క వచ్చినప్పుడు వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరిగింది. పెద్ద టెలిస్కోప్ లేనిదే అది కనపడదట, 21వ తేదీ రాత్రి ఒక్కటే కనపడుతుందట, ఆకుపచ్చగా వెలిగిపోతుందట, ఫోన్ కెమెరా ఉండగా కాగితం మీద బొమ్మ గీసుకోవడం పనిలేని వాళ్ళ పనట. కొత్త తోకచుక్క వచ్చినప్పుడల్లా ఇదే మెసేజ్ పేరు మార్చుకుని వస్తుంది కాబట్టి ఒకసారి తేల్చేద్దాం.

టెలిస్కోప్ సంగతి ముందు. తోకచుక్కని పెద్దది చేసి చూడటం కన్నా చుట్టూ ఉన్న ఆకాశంతో కలిపి చూడటం ముఖ్యం. మామూలు 10×50 బైనాక్యులర్స్‌లో (పది రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 50 మిల్లీమీటర్ల వెడల్పు) ఇంచుమించు ఆరు డిగ్రీల మేర, అంటే పన్నెండు చందమామల్ని వరసగా పేర్చినంత కనపడుతుంది. టెలిస్కోప్‌లో మాగ్నిఫికేషన్ పెంచితే తల ఒక్కటే మిగిలి తోక బయటికి పోతుంది. జపాన్‌లో హ్యకుతాకే అనే ఆయన 1996లో తన పేరు మోసిన తోకచుక్కని కనిపెట్టింది బైనాక్యులర్స్‌తోనే (25×150 లెండి, మెడలో వేసుకు తిరిగేవి కావు). ఇంగ్లండ్‌లో జార్జ్ ఆల్కాక్ అనే రిటైర్డ్ టీచరైతే 1983లో ఇంట్లో కూర్చుని, మూసిన కిటికీ అద్దంలోంచే ఒకదాన్ని పట్టేశాడు.

ఒక్క రాత్రే అన్నది శుద్ధ అబద్ధం. 21న అది భూమికి అన్నిటికన్నా దగ్గరగా, దాదాపు 9 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చింది, అంతే. ముందూ వెనకా చాలా రోజులు బైనాక్యులర్స్‌కి అందింది. నిజానికి మన దగ్గర దీపావళి పొగలో ఆ రెండు మూడు రాత్రులే దండగయ్యాయి.

ఆకుపచ్చరంగు ఉత్తది కాదు. రెండేసి కార్బన్ పరమాణువులు జతకట్టిన అణువులు ఎండకి అలా వెలుగుతాయి. తోక దాకా వెళ్ళేలోపే ఆ ఎండకే విరిగిపోతాయి కాబట్టి తోకకి ఆ రంగు రాదు. కానీ ఇంత మసక వెలుగులో మన కంటికి రంగులు సరిగ్గా తెలియవు. కెమెరా వెలుగుని సెకన్ల తరబడి పోగేసుకుంటుంది, కన్ను పోగేయదు. మీకు కనపడేది బూడిదరంగు మసకే. అది చూసి మోసపోయామనుకోవద్దు.

ఇక బొమ్మ. 1835లో హేలీ తోకచుక్క తలలోంచి చిమ్ముతున్న ధారల్ని జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్ చూసి గీశాడు. స్విఫ్ట్-టటిల్ అనే తోకచుక్కకి 1862లో గీసిన బొమ్మల్ని పట్టుకుని 1981లో సెకనీనా అనే ఖగోళ శాస్త్రవేత్త దాని కేంద్రకం (తల మధ్యలోని గట్టి ముద్ద) తిరిగే తీరు లెక్కగట్టాడు. మన బైనాక్యులర్స్‌లో ఆ ధారలు కనపడవు, ఒప్పుకుంటాను. అయినా గీయాలంటే చూడాలి కదా, లాభం అక్కడే ఉంది. తెల్ల కాగితం మీద గుండ్రంగా గీత గీసి, ముందు చుట్టూ కనపడే నాలుగైదు నక్షత్రాల్ని వాటి వాటి చోట్ల పెట్టాలి. తర్వాత తల, 2బి పెన్సిల్‌తో మెత్తగా రుద్ది వేలితో అలికితే సరిపోతుంది. తోకని మాత్రం నేరుగా చూస్తూ గీయబోకండి, చూపు కాస్త పక్కకి తిప్పితే ఇంకాస్త పొడుగ్గా కనపడుతుంది. టైమూ, ఉత్తరం ఎటో రాసుకుని, గంటాగి మళ్ళీ గీయండి. తోకచుక్క దగ్గర్లో ఉంటే చుక్కల మధ్య అది జరిగిన సంగతి మీ కాగితమే చెబుతుంది.

ఫోన్‌తో ఫోటో తీయొద్దని నేననను. గీయడం అయ్యాకే తీయండి. స్క్రీన్ వెలుగు కళ్ళలో పడిందా, మళ్ళీ చీకటికి అలవాటు పడటానికి అరగంట ఆగాల్సిందే.