ఆ పిల్లను ఎందుకు ఉంచుకున్నట్టు?

వదిలేసిన పిల్ల, ఆ పిల్లను పెంచే కర్కోటకులు, చివరి పేజీలో ఓ రహస్యం. చిన్న మిస్టరీ థ్రిల్లర్ రాయడానికి ఇంతకంటే తేలికైన ముడిసరుకు దొరకదనిపిస్తుంది. రెండు వాక్యాల్లో పాఠకుడి జాలంతా పిల్ల వైపు వెళ్లిపోతుంది. విలన్ ఎవరో వేరే చెప్పక్కర్లేదు. చిక్కు కూడా అక్కడే. విలన్ మొదట్లోనే తెలిసిపోతే ఇంక మిస్టరీ ఏముంది?

చాలామంది దీనికి పుట్టుక రహస్యాన్ని అడ్డం పెట్టుకుంటారు. ఓ పుట్టుమచ్చ, ఓ లాకెట్, ట్రంకుపెట్టె అడుగున ఓ పాత ఉత్తరం. చివరికి పిల్ల ఏ కోటీశ్వరుడి మనవరాలో అని తేలుతుంది. ఈ మలుపు నాకెప్పుడూ మింగుడు పడదు. గొప్పింటి బిడ్డ అని తెలిశాకే ఆమె తిన్న దెబ్బలు అన్యాయమయ్యాయా? కర్ణుడి కథలో పుట్టుక రహస్యం మనసు పిండేస్తుందంటే కారణం రాధ. కన్నకొడుకులా పెంచింది కాబట్టే, కుంతి వచ్చి నిజం చెప్పినప్పుడు అతనికి అది సంకటమైంది. వాతలు పెట్టిన ఇంట్లో పెరిగిన పిల్లకు ఆ సంకటం ఎక్కడిది? నిజం తెలియగానే గేటు దాటేస్తుంది, కథ అయిపోతుంది.

నా లెక్కలో అడగాల్సిన ప్రశ్న వేరే. అంత గిట్టని పిల్లను వాళ్లు ఇంట్లో ఎందుకు ఉంచుకున్నట్టు?

న్యూయార్క్‌లో 1874లో బయటపడిన మేరీ ఎలెన్ విల్సన్ కేసు చూడండి. తల్లి డబ్బు కట్టి ఆ పసిబిడ్డను ఒకావిడ దగ్గర ఉంచింది. కట్టలేకపోయేసరికి బిడ్డ నగర ధర్మాదాయ శాఖ చేతికి వెళ్లింది. అక్కడినుంచి 1866లో మేరీ కానలీ అనే ఆమె ఇంటికి. పిల్ల ఎలా ఉందో ఏటా వచ్చి చెప్పాలన్నది షరతు. ఎనిమిదేళ్లలో ఆమె వెళ్లింది ఒకటి రెండుసార్లే, అడిగినవాళ్లూ లేరు. ఇరుగుపొరుగుకు మాత్రం ఏడుపు వినపడుతూనే ఉంది. చివరికి ఎటా వీలర్ అనే సంఘసేవకురాలు వెళ్లి సాయం అడిగింది ఎవరిననుకున్నారు? జంతు సంరక్షణ సంఘం పెట్టిన హెన్రీ బెర్గ్‌ను. పిల్లల కోసం అలాంటి సంఘం అప్పటికి లేదు మరి.

కోర్టులో ఆ పదేళ్ల పిల్ల ఇచ్చిన వాంగ్మూలం ఏ థ్రిల్లర్‌కీ తీసిపోదు. తన వయసెంతో తనకే తెలియదు. కిటికీ కింద నేలమీద పరిచిన తివాచీ ముక్కే పడక. నుదుటిమీద కత్తెర గాటు. కొట్టే ఆమెను అమ్మ అనే పిలిచేది. కొడుతున్నప్పుడు ఎందుకు కొడుతోందో ఆ అమ్మ ఒక్కసారీ చెప్పలేదట. కానలీకి ఏడాది జైలు పడింది. అయితే ఆ ‘ఎందుకు’ అన్నదానికి మాత్రం జవాబు రాలేదు.

కథకుడు పట్టుకోవాల్సింది ఆ ఖాళీనే. దెబ్బల చిట్టా ఎంత పెంచినా టెన్షన్ రాదు, రెండో పేజీకే పాఠకుడు మొద్దుబారిపోతాడు. అలాంటి ఇంట్లో పెరిగే పిల్లకు చెవులు ఎక్కువ. తాళం తిరిగిన తీరును బట్టి ఈ సాయంత్రం ఎలా గడుస్తుందో చెప్పేస్తుంది. గిన్నె కింద పెట్టిన చప్పుడులో కోపం ఎంతుందో తెలుసు. ఏ డిటెక్టివ్‌కూ ఇంత శిక్షణ ఉండదు. ఒక్కటే లోటు: తను చూస్తున్నది నేరమని ఆమెకు తెలియదు. అన్ని ఇళ్లూ ఇలాగే ఉంటాయనుకుంటుంది. కాబట్టి క్లూలన్నీ ఆమె నోటే, ఆమెకు తెలియకుండానే చెప్పించవచ్చు.

ఉదాహరణకు, నెలకోసారి ఆ పిల్లకు తల దువ్వుతారనుకుందాం. ఉతికిన గౌను వేసి కిటికీ దగ్గర కూర్చోబెడతారు. బయట ఓ కారు ఆగుతుంది, ఎవరూ దిగరు, కాసేపటికి వెళ్లిపోతుంది. ఆ రోజు మాత్రం కడుపునిండా తిండి. పిల్ల దృష్టిలో అది మంచి రోజు, వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ ఎదురుచూస్తుంది. కారులో ఉన్నదెవరో, పిల్లను ఉంచుకున్నందుకు నెలనెలా డబ్బు ముట్టేది వాళ్లనుంచేనేమో అని మనం ఊహించడం మొదలుపెడతాం.

ఓ నెల ఆ రోజు రానే వస్తుంది. పిల్ల తనే దువ్వెన తీసుకుని వెళ్లి నిలబడుతుంది. పెంచుతున్నామె దువ్వెన వైపు చూసి, భర్త వైపు చూసి, వెళ్లి తలుపు గడియ పెడుతుంది.