ఒక్క ‘వేర్’కు ఎన్ని మాటలో!

ఇంగ్లిష్ ‘వేర్’ (wear, అంటే ధరించడం)కు జపనీస్‌లో ‘కిరు’ అని నేను చదివిన ఒక వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. అది సగం కూడా కాదండీ. చొక్కా, కోటు లాంటి ఒంటిమీది బట్టలకే కిరు. కిమోనోలో ఉన్న ‘కి’ ఇదే, ‘మోనో’ అంటే వస్తువు. నడుము కిందకి దిగితే ‘హకు’: ప్యాంటు, సాక్సులు, బూట్లు. పలకడం ఒకటే, కానీ ప్యాంటుకూ బూట్లకూ వేరే వేరే కంజి (జపనీస్‌లో వాడే చైనా లిపి) అక్షరాలు రాస్తారు. టోపీకి ‘కబురు’ (మనం పంపే కబురు కాదు లెండి!). ఉంగరానికి ‘హమెరు’, టైకి ‘షిమెరు’, కళ్ళజోడుకు ‘కకెరు’. ఫోన్ చెయ్యడానికీ ఆ కకెరునే.

నేర్చుకునే కొత్తలో నేను కళ్ళజోడుకు కిరు వాడి నవ్వులపాలయ్యాను. మనమూ చొక్కా తొడుక్కుంటాం, టై కట్టుకుంటాం, కళ్ళజోడు పెట్టుకుంటాం కదా! అలా తెలుగుతో పోల్చుకున్నాకే టెన్షన్ తగ్గింది. తీసేటప్పుడు కాస్త తేలిక. బట్టలు, బూట్లు, టోపీ అన్నిటికీ ‘నుగు’. కళ్ళజోడు, వాచీ, ఉంగరాలకు ‘హజుసు’. ఇంగ్లిష్ వాళ్ళు గడ్డాన్ని కూడా ‘వేర్’ చేస్తారు. జపనీస్‌లో దానికి ‘హయసు’, అంటే పెంచడం. ఈ ఒక్క విషయంలో నా ఓటు జపనీస్‌కే.