ఎగుమతి అరటి ‘7 రహస్యాలు’ అట!

ఈ వారంలో ఈ అరటి మెసేజ్ రావడం ఇది ఐదోసారి. మొదట స్కూలు స్నేహితుల గ్రూపులో వచ్చింది, తర్వాత బంధువుల గ్రూపులో. నిన్న పొద్దున పిన్ని నేరుగా నాకే పంపింది, "చూడు నాన్నా, జాగ్రత్త" అని జోడించి. "విదేశాలకు ఎగుమతయ్యే అరటి వెనక దాచిన 7 రహస్యాలు" అని శీర్షిక, అడుగున కనీసం 20 మందికి పంపాలని ఆజ్ఞ. పంపినవాళ్లలో ఇద్దరు బాగా చదువుకున్నవాళ్లే. ఇక ఊరుకోలేక జవాబు రాయడానికి కూర్చున్నాను.

స్టిక్కర్ సంగతి ముందు. అంకె 4తో మొదలైతే విషమట, 8 అయితే జీఎం, అంటే జన్యుమార్పిడి చేసిందట, 9 అయితేనే తినాలట. 4011 అన్నది మామూలు పసుపు అరటికి బిల్లు కౌంటర్లో ధర తెలియడానికి పెట్టిన నంబరు. ముందు 9 చేరిస్తే ఆర్గానిక్. 8ని ఒకప్పుడు జీఎం పండ్లకని పక్కన పెట్టారు గానీ దుకాణాల్లో వాడిందే లేదు. సరుకు మీద ‘ఇది విషం’ అని నంబరు వేసి మరీ అమ్మే నిజాయితీపరులైన వ్యాపారులుంటే నాక్కూడా చూడాలనే ఉంది.

రెండోది, యూరప్ వంకర అరటిని నిషేధించిందట. 1994 నాటి నిబంధనల్లో ‘అసాధారణమైన వంపు’ ఉండకూడదని ఉన్నమాట నిజమే. కింది తరగతుల్లో ఆకారం లోపాలకు సడలింపు కూడా అందులోనే ఉంది. కాయ కనీసం 14 సెంటీమీటర్లు ఉండాలనీ ఉంది. అరటికాయ పైకి తిరిగి పెరుగుతుంది కాబట్టి వంగుతుంది. తర్వాతిది.

"గింజలు లేవంటే ల్యాబ్ పండే." ఎగుమతుల్లో దాదాపు అంతా కావెండిష్ వర్గమే. జీ9 అని పిలిచే గ్రాండ్ నైన్, విలియమ్స్ అందులోవే. ఈ మొక్కలో క్రోమోజోములు రెండు సెట్లు కాకుండా మూడు సెట్లుంటాయి, అందుకే గింజ కట్టదు. న్యూగినీలో సుమారు 7 వేల ఏళ్ల కిందటే అరటి సాగు ఉంది. గింజ తక్కువున్న మొక్కను చూసి, దాని పిలకను తీసి నాటుకుంటూ వచ్చిన వాళ్లదే ఈ ఘనత. కావెండిష్ పేరు 1830లలో ఇంగ్లండులో కావెండిష్ ఇంటిపేరున్న ఒక డ్యూక్ గారి గాజు ఇంట్లో దీన్ని పెంచడం వల్ల వచ్చింది. ఆ రోజుల్లో జన్యువు అన్న మాటే పుట్టలేదు. జీఎం అరటి అసలే లేదా అంటే, ఉంది. అడవి అరటి జన్యువును చేర్చిన క్యూక్యావ్-4 అనే కావెండిష్‌కి ఆస్ట్రేలియా 2024లో అనుమతిచ్చింది. తెగులు ముంచుకొస్తే వాడుకుందామని ఉంచారు తప్ప దాన్ని ఓడలెక్కించలేదు.

గ్యాస్ పెట్టి పండించడం నాలుగో రహస్యం. రహస్యమేముంది? ఎగుమతి కాయను పచ్చిగానే కోస్తారు. గెల నుంచి అత్తాలు విడదీసి, కారే బంక పోయేదాకా నీళ్ల తొట్టిలో తేలేస్తారు, సుమారు 18 కిలోల పెట్టెలకెత్తుతారు. ఓడలో 13, 14 డిగ్రీల దగ్గర నిద్రపుచ్చుతారు. ఇంకా చల్లబరిస్తే తొక్క నల్లబడి పాడవుతుంది. దిగాక గదిలో ఇథిలిన్ వదులుతారు. పండే అరటి తనంతట తాను వదిలే వాయువే అది. కార్బైడ్ వేరు. దాంట్లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుండవచ్చు, దాన్ని తిట్టండి, నేనూ కలుస్తాను. రెండింటినీ ‘కెమికల్’ అని ఒకే గాటన కట్టేయడమే మెసేజ్ చేసిన పని.

ఐదోది ఆశ పెట్టే రకం: "ఎక్కువ పండించే దేశమే ఎక్కువ ఎగుమతి చేస్తుంది, ఎగుమతి రకం వేస్తే విదేశాలు ఎగబడి కొంటాయి." ప్రపంచంలో అరటి అత్యధికంగా పండేది భారత్‌లో. అత్యధికంగా ఎగుమతి చేసేది ఈక్వడార్. కొనేవాడు రకాన్ని చూసి కొనడు. ప్రతివారం ఒకే సైజు, ఒకే రంగు కాయ కంటైనర్ల లెక్కన వస్తుందా అని చూస్తాడు. దూరం కూడా లెక్కే: జపాన్‌కి ఎక్కువగా వెళ్లేది ఫిలిప్పీన్స్ కాయ, అమెరికాకి గ్వాటెమాలా, కోస్టారికాలది. ఎగుమతి రకమంటే మేలురకమని అర్థం కాదు. 1950ల దాకా ఓడలెక్కింది గ్రో మిషెల్ అనే రకం. దాని తొక్క మందం, గెలలు గెలలుగానే పంపేవారు. అది పోయాక కావెండిష్ వచ్చింది, చిన్న దెబ్బకే కమిలిపోయే రకం కాబట్టి పెట్టెలు అవసరమయ్యాయి.

ఆరోదాన్ని ఎగతాళి చేద్దామనే మొదలుపెట్టాను: "ఎగుమతి తోటల మందులు మనుషుల్ని చంపుతున్నాయి." తినేవాళ్ల గురించైతే అతిశయోక్తే. కానీ తోటల్లో పనిచేసేవాళ్ల గురించి, ఆ పక్కన బతికేవాళ్ల గురించి అయితే మెసేజే నా కన్నా నయం. ఫ్రెంచి ద్వీపాలు మార్టినిక్, గ్వాడెలూప్‌లలో దుంప తొలిచే ముక్కుపురుగు కోసం 1972 నుంచి 1993 దాకా క్లోర్‌డెకోన్ చల్లారు. ఫ్రాన్స్‌లో 1990లోనే నిషేధించి, ఆ ద్వీపాలకు మాత్రం మినహాయింపులిచ్చారు. ఆ నేల ఇప్పటికీ శుభ్రపడలేదు. అక్కడి పెద్దవాళ్లలో నూటికి 90 మంది పైగా రక్తంలో ఆ మందు కనిపించింది. ఈ పాయింటు ఒప్పుకుంటున్నాను. అయితే ఇంత నిజాన్ని తీసుకెళ్లి స్టిక్కర్ల పక్కన ఎందుకు పడేశాడో మాత్రం అర్థం కాలేదు.

ఇక ఏడోది. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. "ప్రపంచంలో పనామా తెగులు టిష్యూ కల్చర్ మొక్కల వల్లే వచ్చింది. వాటిని కొనకండి. బాగా కాసిన తోటలోంచి పిలకలు తెచ్చుకోండి. వేళ్ల మట్టి దులపకండి, బలమంతా అందులోనే ఉంది."

పై ఆరూ నమ్మితే పోయేది కాస్త మనశ్శాంతి. ఇది నమ్మితే తోటే పోతుంది.

పనామా తెగులంటే మట్టిలోని ఒక బూజు అరటి మొక్కను లోపలి నుంచి వాడ్చేసే జబ్బు. గ్రో మిషెల్‌ని మధ్య అమెరికాలో తుడిచిపెట్టింది ఈ తెగులే. అప్పటికి టిష్యూ కల్చర్ అరటి మొక్క, అంటే ల్యాబ్‌లో చిన్న ముక్క నుంచి పెంచిన మొక్క, అన్నదే లేదు. తోటలన్నీ పిలకలతో వేసినవే, తెగులు కూడా వాటితోనే ఊరేగింది. ఇప్పుడు కావెండిష్‌ని పట్టింది దాని కొత్త రూపం, టీఆర్4. 2013లో మొజాంబిక్‌లో, 2019లో కొలంబియాలో, 2021లో పెరూలో బయటపడింది. ఈ బూజు మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. చల్లితే పోయే మందు లేదు. బూటుకంటిన మట్టితో, పారతో, పారే నీళ్లతో వెళుతుంది. అందుకే జాగ్రత్తపడే తోటల్లో గేటు దగ్గరే బూట్లు మందునీళ్లలో ముంచనిదే లోపలికి రానివ్వరు. మనవాడేమో మట్టితో సహా మోసుకురమ్మంటున్నాడు. పుణ్యం!

"బాగా కాసిన తోటే కదా" అంటారా? తెగులు సోకిన మొక్క కొన్నాళ్ల దాకా నవనవలాడుతూనే ఉంటుంది. తర్వాత కింది ఆకులు అంచుల నుంచి పసుపెక్కి, తొడిమ దగ్గర విరిగి కాండం చుట్టూ పావడాలా వేలాడతాయి. అప్పుడు కాండం కోసి చూస్తే లోపలి నాళాలు ఎర్రటి గోధుమరంగు గీతల్లా కనిపిస్తాయి. పిలక తీసేనాటికి ఇవేవీ పైకి కనపడకపోవచ్చు. కడిగినా లాభం లేదు, బూజు దుంప లోపలే ఉంటుంది.

టిష్యూ కల్చర్ మొక్కకి తెగులు రాదని నేననడం లేదు. మట్టిలో బూజు ఉంటే దాన్నీ వదలదు, లేత మొక్క కాబట్టి ఇంకా తొందరగా పడిపోవచ్చు. తల్లిమొక్కకు వైరస్ పరీక్ష చేయకపోతే పిల్లకూ అంటుతుంది. ల్యాబ్‌లో ఒక్కోసారి తల్లిని పోలని మొక్కలూ పుడతాయి. తమాషా ఏమిటంటే, అలా తేడాగా పుట్టిన వాటిలోంచే తైవాన్ పరిశోధకులు టీఆర్4ని కొంత తట్టుకునే రకాలను ఏరారు. ఫిలిప్పీన్స్‌లో తెగులు పట్టిన చోట్ల వాటిని నాటుతున్నారు. వాటిలో ఒకదాని పేరు జీసీటీసీవీ-218, అంటే జెయింట్ కావెండిష్ టిష్యూ కల్చర్ వేరియంట్. పేరులోనే ఉంది నాయనా!

ఇదంతా టైపు చేసి, మొదట ఫార్వర్డ్ చేసిన స్నేహితుడికే ముందు పంపాను. వాడికి కాస్త పొలం ఉంది. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు.

"అదిరింది రా. కానీ నేను పిలకలు మొన్నే తెచ్చేశా."

"ఎక్కడి నుంచి?"

"ఎవరో అమ్ముతుంటే. తోట నేను చూళ్లేదు."

"నాటేశావా?"

"లేదు, షెడ్డులో పెట్టా. మట్టి ఆరిపోకుండా తడి గోనెసంచి కప్పి."